గెడ్డ అవతలి దారి: శ్రీకూర్మం రోడ్ల కథ

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం పంపమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నువ్వు రోడ్ల ఇంజనీరువి కదా, మన ప్రాంతం రోడ్ల చరిత్ర రాయి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా రోడ్లతోనే బతుకుతున్నవాణ్ణి, తేలికే అనుకుని ఒప్పుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే మొదట గుర్తుకొచ్చింది జాతీయ రహదారీ కాదు, నేను పనిచేసిన వంతెనలూ కావు. మా ఊరికీ మన బడికీ మధ్య ఉన్న గెడ్డ.

1980లో నేను ఆరో తరగతిలో చేరాను. గెడ్డ అవతలి నుంచి ఆ ఏడాది చేరినవాళ్ళం పదకొండు మందిమి, అందులో అయిదుగురు ఆడపిల్లలు. ఎండాకాలంలో గెడ్డ అంటే ఇసుక. వాన పడితే మోకాలి లోతు, వాయుగుండం పడితే నడుము లోతు. మగపిల్లలం చొక్కా, నిక్కరు విప్పి పుస్తకాల సంచితో కలిపి నెత్తిన పెట్టుకుని దాటేసేవాళ్ళం. ఇవతలి గట్టున మళ్ళీ తొడుక్కుని పరుగెత్తితే ప్రార్థన అయ్యేలోగా బడికి చేరేవాళ్ళం. ఆడపిల్లలు అలా దాటలేరు కదా! వాళ్ళు అవతలి గట్టున కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయేవారు. నల్లటి మబ్బు కనిపిస్తే మాస్టారు హాజరు పట్టీలో వాళ్ళ పేర్లు పిలవకుండానే ఆబ్సెంటు వేసేవారు. పదో తరగతికి వచ్చేసరికి పదకొండు మందిలో నలుగురం మిగిలాం. నలుగురం మగపిల్లలమే.

మన ప్రాంతపు దారుల చరిత్రను నేను ఆ గెడ్డ గట్టు మీద నిలబడే చూడగలను. అలా చూస్తే నాకు కనబడేది ఒకటే ప్రశ్న: ఈ దారి ఎవరి కోసం వేశారు, వాన పడినప్పుడు అది ఎవరికి పనికొచ్చింది?

నడిచి వచ్చినవాళ్ళు

మన ఊరికి మొదట దారి తెచ్చినవాడు కూర్మనాథస్వామే అనుకోవాలి. పూరీ జగన్నాథుడి నుంచి దక్షిణాదికి నడిచే యాత్రికుడికి శ్రీకూర్మం, సింహాచలం ఒకే దారిలో మజిలీలు. మన గుడి స్తంభాల మీద వందకు పైగా శాసనాలున్నాయి. చిన్నప్పుడు వాటి పక్కన దాగుడుమూతలు ఆడుకున్నాం గానీ చదివినవాళ్ళం ఎవరం? అఖండ దీపాలకూ నైవేద్యాలకూ దానాలిచ్చిన రాజుల, అధికారుల, సామాన్యుల పేర్లు అందులో ఉన్నాయి. కళింగ రాజ్యంలో అధికారం నడిపిన మధ్వ సన్యాసి నరహరి తీర్థుల 1281 నాటి శాసనం కూడా మన గుడిలోనే ఉంది. ఇంతమంది ఇక్కడికి వచ్చారంటే, వాళ్ళ కాళ్ళ కింద ఏదో ఒక బాట ఉండాలి.

చైతన్య మహాప్రభువు 1510లో పూరీ నుంచి బయలుదేరి కూర్మక్షేత్రం, సింహాచలం మీదుగా గోదావరి తీరానికి వెళ్ళారని ఆయన చరిత్ర చెబుతుంది. ఆయన బయలుదేరింది వైశాఖంలో. వానాకాలం నాలుగు నెలలూ శ్రీరంగంలో ఆగిపోయారు. సన్యాసులు చాతుర్మాస్యం పేరుతో ఒకేచోట ఉండిపోవడంలో ధర్మం ఎంత ఉందో గానీ, రోడ్ల ఇంజనీరుగా నాకు అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. వాన పడితే ఈ దేశంలో దారి ఉండేది కాదు. మన డోలోత్సవం కూడా ఫాల్గుణంలో, గెడ్డలన్నీ ఎండిపోయి, కోతలైపోయిన మడుల్లోంచి నాటుబళ్ళు అడ్డంగా వచ్చే రోజుల్లోనే కదా వస్తుంది.

వానతో సంబంధం లేకుండా మన ఊరు చేరిన యాత్రికుడు ఒక్కరే. పూరీలో నిద్రపోయిన రామానుజాచార్యులను జగన్నాథుడు రాత్రికి రాత్రే శ్రీకూర్మంలో దింపేశాడని ఐతిహ్యం. ఆ సదుపాయం తరవాత ఎవరికీ దొరకలేదు!

ఓడ కోసం, పటాలం కోసం

రెండో దారి సముద్రం వైపు. మన పక్కనే వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం. అదే నది దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. పూర్వం బౌద్ధ భిక్షువులు, తరవాత వర్తకులు ఈ నదీముఖాన్ని వాడుకున్నారు. మన తాతల నాటికి కళింగపట్నంలో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. సరుకు పడవల మీద వెళ్ళేది. కళింగపట్నం నుంచి శ్రీకాకుళం, పాలకొండ, వీరఘట్టం మీదుగా పార్వతీపురం వైపు వెళ్ళే దారిని పటం మీద చూడండి. కొండల దగ్గరి ధాన్యం, సరుకులు సముద్రానికి దిగే దారి అది. బళ్ళు ఏ దిక్కుకు బరువుగా వెళ్ళేవో, ఏ దిక్కుకు ఖాళీగా తిరిగొచ్చేవో పటమే చెబుతుంది.

మూడోది ట్రంకు రోడ్డు. మద్రాసును ఉత్తరాన బెంగాలుతో కలిపే గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మన జిల్లాను పొడుగునా కోసుకుంటూ శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, ఇచ్ఛాపురం మీదుగా సాగింది. పటాలం నడవడానికి, టపా నడవడానికి, శిస్తు కదలడానికి అది అవసరం. అయినా కంపెనీ వారి కాలంలో రోడ్ల మీద ఖర్చు పెట్టింది తక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీ పబ్లిక్ వర్క్స్ కమిషన్ 1852లో ఇచ్చిన నివేదిక రోడ్ల దుస్థితిని గట్టిగానే ఎత్తిచూపింది. 1871లో లోకల్ ఫండ్స్ చట్టం వచ్చింది. రోడ్ల కోసం భూమి మీద సెస్సు వేశారు. అంటే ట్రంకు రోడ్డుకు పది మైళ్ళ దూరాన గెడ్డ అవతల ఉన్న రైతు కూడా రోడ్డు సెస్సు కట్టాడు. ఆ రైతు ముంగిట్లోకి రోడ్డు రావడానికి ఇంకో నూరేళ్ళు పైనే పట్టింది.

1893–96 మధ్య ఈస్టుకోస్టు రైలు మార్గం పడింది. అది శ్రీకాకుళం పట్నాన్ని తాకకుండా ఆమదాలవలస మీదుగా వెళ్ళింది. స్టేషనుకు మాత్రం 'శ్రీకాకుళం రోడ్' అని పేరు పెట్టారు. ఆ పేరులోని 'రోడ్' అన్న మాటకు అర్థం తెలియాలంటే రాత్రి రైలు దిగి, పన్నెండు పదమూడు కిలోమీటర్లు బండి కోసం వెతుక్కోవాలి. రైలు వచ్చాక కళింగపట్నం రేవు క్రమంగా పడిపోయింది. దాంతో మన వైపు దారులు గమ్యం లేని దారులైపోయాయి. ఒకప్పుడు ప్రపంచానికి వాకిలిగా ఉన్న తీరం రోడ్డుకు కొసన మిగిలిపోయింది.

జిల్లా కచేరీ కూడా దూరమే. మన తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒడిశా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో చేర్చారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోవడానికి మా ముత్తాత ఉత్తరానికి, మా తాత దక్షిణానికి వెళ్ళాల్సి వచ్చేది. మా నాన్న కాలానికి ఏడు రోడ్ల కూడలి దాకా వెళ్తే సరిపోయింది.

ఎంతమంది ఉంటే రోడ్డు?

స్వతంత్రానికి ముందే, 1943 డిసెంబరులో దేశంలోని చీఫ్ ఇంజనీర్లు నాగపూరులో కూర్చుని ఇరవై ఏళ్ళ ప్రణాళిక వేశారు. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అనే వర్గీకరణ మనకు అక్కడి నుంచే వచ్చింది. వ్యవసాయం బాగా సాగే ప్రాంతంలో ఏ ఊరూ ప్రధాన రోడ్డుకు అయిదు మైళ్ళకు మించి దూరం ఉండకూడదని వాళ్ళు లక్ష్యం పెట్టుకున్నారు. ఆ రోజులకు అది గొప్ప ఆలోచనే. కానీ అయిదు మైళ్ళంటే ఎనిమిది కిలోమీటర్లు. పన్నెండేళ్ళ పిల్లకు పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది. మధ్యలో గెడ్డ!

1959లో జిల్లా పరిషత్తులు వచ్చాయి. పల్లె రోడ్లు వాటి చేతికి వచ్చాయి. 1974లో మొదలైన అయిదో పంచవర్ష ప్రణాళికలో కనీస అవసరాల కార్యక్రమం కింద 1500 జనాభా దాటిన ఊళ్ళకు అన్ని కాలాలకూ పనికొచ్చే రోడ్డు వేయాలన్నారు. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు ఆ అంకె మైదాన ప్రాంతంలో 500కు, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250కి దిగింది. పావు శతాబ్దంలో అంకె మూడో వంతుకు తగ్గిందంటే అది చిన్న సంగతి కాదు. ఆ పథకం కింద వేసిన రోడ్లు ఎన్ని పల్లెల తలరాత మార్చాయో నా కళ్ళతో చూశాను.

అయితే ఆ అంకెల్లో ప్రతి మెట్టు కిందా కొన్ని ఊళ్ళు ఉండిపోయాయి. మూడు వందల జనాభా ఉన్న మా పేట అలాంటిదే. పక్కన పెద్ద ఊరికి రోడ్డుంటే మాకూ ఉన్నట్టే లెక్క. కాగితం మీద దూరం కొలిచే గొలుసుకు గెడ్డ కనిపించదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నేనూ అలాంటి గొలుసు పట్టుకుని కొలిచినవాణ్ణే.

ఇంజనీరింగు పుస్తకాల్లో ఒక విషయం స్పష్టంగా ఉంటుంది. అన్ని కాలాలకూ పనికొచ్చే రోడ్డు అంటే తారు రోడ్డని అర్థం కాదు. నీరు పోవడానికి సరిపడా తూములు, కల్వర్టులు ఉండాలి, వానలోనూ రాకపోకలు ఆగకూడదు. అంతే. గ్రావెల్ రోడ్డయినా ఫరవాలేదు. కానీ మన జనం అడిగేది తారు, నాయకులు ప్రారంభించేది తారు, ఫోటోలో పడేది తారు. తూము ఎవరికీ కనిపించదు, అది లేనిరోజు తప్ప.

నేను చేసిన తప్పు

ఈ పాఠం నాకు చదువులో రాలేదు. తొంభయ్యో దశకం చివర ఒడిశా సరిహద్దు దగ్గర ఒక పల్లె రోడ్డు పనిలో కుర్ర ఇంజనీరుగా ఉన్నాను. పాత బండిబాట నేల మట్టంలో ఉండేది. వరద వస్తే దాని మీంచి దాటిపోయేది. దాన్ని మీటరున్నర ఎత్తు లేపి రోడ్డు చేస్తున్నాం. నీటి లెక్క నాదే.

మన వైపు వరద అంచనాకు రైవ్స్ సూత్రం వాడతాం. పరీవాహక ప్రాంతం వైశాల్యానికి మూడింట రెండో ఘాతం వేసి ఒక గుణకంతో హెచ్చించాలి. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ఆ గుణకం 6.8. కొండల దగ్గరి చిన్న పరీవాహకాలకు 10.2. తీరం దగ్గరే కదా అని నేను 6.8 వేశాను. ఎనిమిది చదరపు కిలోమీటర్లకు సెకనుకు 27 ఘనమీటర్లు వచ్చింది. కొండ కళ్ళెదుటే ఉంది. 10.2 వేసి ఉంటే 41 వచ్చేది. ఒక ముసలి రైతు వచ్చి, మేం దించిన హ్యూమ్ పైపులు చూసి, "కొండ మీంచి దిగే నీరు బావూ, ఈ గొట్టాల్లోంచి ఏపాటి ఎల్తాది?" అన్నాడు. లెక్క ఉంది తాతా, భయపడకు అన్నాను.

ఆ అక్టోబరులో వాయుగుండం పడింది. రోడ్డు గట్టు ఆనకట్టలా నిలబడిపోయింది. పొట్ట మీద ఉన్న వరి అయిదు రోజులు నీళ్ళలో ఉంది. అయిదో రోజు రైతులు గునపాలు తెచ్చి రోడ్డుకు గండి కొట్టారు. వార్త విని కోపంతో జీపులో వెళ్ళినవాణ్ణి, ఆ చేలు చూసి నోరెత్తలేకపోయాను. నాతో మాట్లాడిన తాత ఒక్క మాట కూడా అనలేదు. నా వైపు చూసి మళ్ళీ చేలోకి దిగాడు. గండి పడినచోటే తరవాత పెద్ద స్లాబు కల్వర్టు కట్టాం. రైతులు తవ్వి చూపించిన స్థలమే సరైన స్థలం.

అప్పటి నుంచి ఏ పనికి వెళ్ళినా ముందు ఊళ్ళో పెద్దవాళ్ళను అడుగుతాను. నీరు ఏ గోడ దాకా వచ్చింది, ఏ చెట్టు మొదలు మునిగింది, ఎన్ని రోజులు నిలిచింది? తరవాతే సూత్రం. రోడ్డు వేయడమంటే నీటికి అడ్డుగా గట్టు వేయడమేనని, దానికి సరైన దారి వదలకపోతే రోడ్డు ఒకరికి మేలు చేసి పది మందిని ముంచుతుందని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళందరికీ చెబుతాను. నా తప్పు కూడా చెబుతాను.

రాళ్ళ రంగులు

ఇప్పటి పిల్లలకు ఒక ఆట చెబుతాను. ఈసారి బస్సెక్కితే కిలోమీటరు రాళ్ళ తలలు చూడండి. పసుపు తల అయితే జాతీయ రహదారి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో తెలుపో అయితే జిల్లా రోడ్డు. నారింజ రంగైతే పల్లె రోడ్డు. రంగు మారిన చోట యజమాని మారతాడు, డబ్బు వచ్చే దారి మారుతుంది, చాలాసార్లు బస్సు కుదుపు కూడా మారుతుంది.

పాత ట్రంకు రోడ్డే అయిదో నంబరు జాతీయ రహదారి అయ్యింది. 2010లో నంబర్లు మార్చినప్పుడు 16 అయ్యింది. స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరసలయ్యింది. నేను బడిలో ఉన్నప్పుడు విశాఖ ఆసుపత్రికి రోగిని తీసుకెళ్ళడమంటే ఒక పూట ప్రయాణం. ఇప్పుడు ఆ భయం చాలా తగ్గింది. దానికి మూల్యం కూడా ఉంది. నీడనిచ్చిన చెట్ల వరసలు పోయాయి. ఊరికి, పొలానికి మధ్య రహదారి పడ్డ పల్లెల్లో రోడ్డు దాటడమే గండమయ్యింది. గెడ్డ నీళ్ళయినా ఒకనాటికి తగ్గుతాయి, వాహనాలు తగ్గవు.

రెండు చివర్లా డబ్బుంది. జాతీయ రహదారికి టోలు ఉంది, పల్లె రోడ్డుకు పథకం ఉంది. మధ్యలో నలిగేది ఆకుపచ్చ తల రాయే. ఆలికాం–బత్తిలి రోడ్డు, చిలకపాలెం నుంచి రామభద్రపురం మీదుగా రాయగడ వెళ్ళే రోడ్డు, ఇలాంటివి ఒడిశాతో మన జిల్లాలను కలిపే దారులు. బరువు లారీలు వాటి మీదే తిరుగుతాయి. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. గోతులు ఎందుకు పడతాయని అడిగే మిత్రులకు నా సమాధానం ఇదే: పైన బరువు, పక్కన పూడిపోయిన కాలవ. కొత్త తారు వేయకముందు పాత కాలవ తీయించండి. సగం రోడ్డు దానంతటదే బతుకుతుంది.

జాబితాలో లేనివాళ్ళు

మా గెడ్డ మీద కల్వర్టు పడేసరికి నేను బడి విడిచి పదిహేనేళ్ళు దాటింది. పెద్ద కట్టడమేమీ కాదు. మూడు కానాలు, పైన స్లాబు, రెండు పక్కలా పిట్టగోడ. జీవితంలో నేను చూసిన వంతెనల్లో చాలా చిన్నది. ఇప్పుడు మా పేట ఆడపిల్లలు వానలో గొడుగు వేసుకుని, సైకిలు నడిపించుకుంటూ దాని మీంచి బడికొస్తున్నారు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ పిట్టగోడ మీద కూర్చున్నాను. నాతో ఆరో తరగతిలో చేరి, ఎనిమిదిలో వానాకాలం తరవాత ఇక రానే రాని ఒక సహాధ్యాయిని అటుగా వచ్చింది. లెక్కల్లో మా అందరికంటే ముందుండేది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఆగి, స్వర్ణోత్సవం సంగతులు అడిగింది. ఎవరెవరు వస్తున్నారో చెప్పాను. "ఈ తూము అప్పుడే కట్టుంటే నానూ మీతోటే పది పాసయిపోదును గదా, అన్నయ్యా" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మన సంఘం సభ్యుల జాబితా తీసి చూశాను. అందులో ఉన్నవాళ్ళం పదో తరగతి బ్యాచీల ప్రకారం ఉన్నాం. ఆమె పేరు లేదు. గెడ్డ అవతల ఆగిపోయిన మిగతా ఆరుగురి పేర్లూ లేవు. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. జాబితా అలా తయారయింది. నాగపూరు లెక్కలాగే, 1500 జనాభా లెక్కలాగే మన లెక్క కూడా కొందరిని బయట వదిలేసింది.

అందుకని సంఘానికి నాదొక విన్నపం. ఈ యాభయ్యో ఏట సభ్యుల జాబితాను పదో తరగతి పట్టీ నుంచి కాకుండా బడి అడ్మిషన్ రిజిస్టరు నుంచి మళ్ళీ రాద్దాం. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆ పని చేయడానికి నేను వారం రోజులు సెలవు పెట్టి వస్తాను. మధ్యలో మానేసినవాళ్ళను వెతికి, ఇంటికి వెళ్ళి పిలుద్దాం. వాళ్ళు ఈ బడి విద్యార్థులే. వాళ్ళు బడి మానలేదు, వాళ్ళకు దారి లేదు.

ఆ పనిలో ఎలాగూ చుట్టుపక్కల పేటలన్నీ తిరుగుతాం. ఏ పేట పిల్లలు ఇప్పటికీ వానరోజున ఏ గట్టు మీద ఆగిపోతున్నారో కూడా రాసుకుందాం. మనలో ఇంజనీర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు, పంచాయతీల్లో పనిచేసినవాళ్ళున్నారు. నీటి లెక్క నేను వేస్తాను. ఈసారి గుణకం వేయబోయే ముందు పెద్దవాళ్ళను అడిగి మరీ వేస్తాను.